రోజుకు ఇద్దరు చూసిన పేజీ

దేవదానం మాస్టారు పోయిన నెలకి ఆయన కూతురు నెల్లూరులో మా ఇంటికి వచ్చి ఒక అట్ట ఫైలు నా చేతిలో పెట్టింది. "నాన్న బీరువాలో బైబిల్ పక్కన దాచుకోనున్నాడక్కా. పైన నీ పేరుంటే తెచ్చినా," అంది. నిజంగానే ఉంది. మాస్టారి గుండ్రటి చేతిరాతతో 'అత్యంత రహస్యం, అనుమతి లేనిదే తెరవరాదు' అని పెద్దగానూ, దాని కింద అనుమతి ఉన్న ముగ్గురి పేర్లు చిన్నగానూ. మొదటి పేరు ఆయనదే. రెండోది ఇందుకూరుపేటలో నెట్ సెంటర్ నడిపిన రవణయ్యది. మూడోది నాది. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. దేశాన్ని కాపాడే పని ముగ్గురం పంచుకున్నాం, అందులో అనుమానితుల పట్టీ రాసే బాధ్యత నాకు వచ్చింది. ఫైలు తెరవగానే ఇరవై ఏళ్ళ నాటి కాగితాల్లోంచి ఎండుచేపల వాసన వచ్చింది. ఈ వాసన ఎక్కడిదని ముగ్గురిలో ఒక్కరం అప్పుడు ఆలోచించి ఉంటే ఈ ఫైలు పుట్టేదే కాదు. చివర ఒక కట్టకి వేసిన రబ్బరు బ్యాండు కరిగి కాగితాలకి అతుక్కుపోయి ఉంటే, చిరుగుతాయని దాన్ని అప్పటికి విప్పకుండా వదిలేశాను.

మాది మైపాడు పక్కన సముద్రపు ఒడ్డున చిన్న పాళెం. ఆ పాళేనికి మా తాత కాపు. మా దగ్గర కాపు అంటే కులం కాదు, పెద్దరికం. ఎవరి వల ఎవరి వలకి అడ్డం వచ్చింది, ఎవరి కోడి ఎవరి ఎండుచేపలు పొడిచింది అనే తగువుల దగ్గర్నించి అన్నీ ఆయన మంచం దగ్గరికే వచ్చేవి. ఆయన మాట దాటినవాడికి దురాయి పడేది. దురాయి పడ్డ మనిషితో పాళెంలో ఎవరూ మాట్లాడకూడదు, నిప్పూ నీళ్ళూ ఇవ్వకూడదు, పడవ ఎక్కించుకోకూడదు. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజు వేటకి పోవద్దని ముందే కబురు వచ్చేది, తాత చాటింపు వేయించేవాడు. ఒకసారి ఆ చాటింపు విని కూడా పడవ తీసిన మొనగాడు ఎవరయ్యా అంటే, తాత సొంత అల్లుడు శీనయ్య, మా పోలమ్మత్త మొగుడు. గస్తీ పడవ వాళ్ళు అతన్ని ఒడ్డుకి తెచ్చి దించారు, పాళెం మొత్తం తలలు వంచుకుని మాటలు పడింది. అల్లుడు కాబట్టి వదిలేశాడని ఎవరూ అనకూడదని తాత ఏడాది దురాయి వేశాడు. మాట ఉండకూడదు, ఉత్తరం ఉండకూడదు, ఫోను ఉండకూడదు. పాళెం మొత్తానికి ఉన్న ఒక్క ఫోనూ తాత తలగడ పక్కనే ఉండేది కాబట్టి ఆ మూడోది చెప్పనక్కర్లేదు, అయినా చెప్పాడు. తీర్పు చెప్పేటప్పుడు నిండుగా చెప్పడం ఆయనకి ఇష్టం. శీనయ్య మామ తమిళనాడులో ఏదో రేవులో పూడిక తీసే పనికి వెళ్ళిపోయాడు. మూడు నెలల పాపని చంకనేసుకుని అత్త మా ఇంటికి వచ్చేసింది.

మా ఇంట్లో సాయంత్రాలన్నీ ఒకేలా ఉండేవి. అమ్మ పొయ్యి మీద పులుసు పెట్టి మామిడికాయ ముక్కలు వేసే వేళకి తాత స్నానం చేసి, వసారాలో నులక మంచం మీద వెల్లకిలా పడుకుని, ఆ రోజు వేట సంగతి పైకి చెప్పేవాడు. ఎవరికి చెప్పేవాడో తెలియదు. "వంజరాలు రెండు. నెత్తళ్ళు లేవు. గాలి మూడు." గాలిని ఆయన వేళ్ళతో కొలిచేవాడు. ఒక వేలంటే నీళ్ళు అద్దంలా ఉన్నాయని, ఐదు వేళ్ళంటే ఎవడూ ఒడ్డు దిగొద్దని. చదువు రాని మనిషి, కానీ పోయిన నెల మంగళవారం ఎన్ని వంజరాలు పడ్డాయంటే తడుముకోకుండా చెప్పేవాడు. మా నాయన ఆ మాటలు వినీ వినీ నిద్రపోయేవాడు. నాకైతే అది రోజూ పెట్టే రేడియో గోల. అప్పుడు నేను కంప్యూటర్ కోర్సులో చేరి, వెబ్ పేజీలు ఎలా తయారుచేయాలో పుస్తకం పెట్టుకుని బట్టీ కొట్టేదాన్ని. కాళ్ళ మీద పాపని పడుకోబెట్టుకుని అత్త ఒక్కతే రెండు వైపులా చెవి పెట్టి కూర్చునేది, ఒక చెవి తాతకి, ఒక చెవి నాకు. "బయటికి చదువుమే సుజాతా, నాకు పొద్దుపోతాది," అనేది. ఒకసారి నేను కాగితం మీద రాసుకున్నది చూపించి, పేజీ ఎందుకు రావడం లేదో తెలియక జుట్టు పీక్కుంటుంటే, పక్కనించి చూసి, "మొదట తెరిచిన గుర్తు చివర మూయలా నువ్వు," అంది. మూశాను. మర్నాడు పేజీ వచ్చింది. ఏడో తరగతిలో బడి మానేసిన మనిషికి ఇది ఎలా తెలిసిందని నాకు అనుమానం రాలేదు. గూఢచారులని పట్టుకోవడానికి బయల్దేరినదాన్ని, నాకంత తీరిక ఎక్కడిది!

కోర్సు కోసం రవణయ్య నెట్ సెంటర్‌కి వెళ్ళాలంటే తాత ఒక షరతు పెట్టాడు. కంప్యూటర్లకి మధ్య తెరలు కట్టి ఉన్నాయని ఎవరో చెప్పారట. తెరలున్న చోటికి ఆడపిల్ల ఒంటరిగా పోకూడదు, తోడు పోలమ్మ పోవాలి. అత్త ఎలాగూ ఎండుచేపల గంప పెట్టుకుని ఇందుకూరుపేట వచ్చేది. గంప ఖాళీ చేసుకుని, పాపతో సహా వచ్చి నాకు కాపలా కూర్చునేది. వాసనకి మిగతావాళ్ళు ముక్కు మూసుకుంటారని రవణయ్య ఆమెకి చిట్టచివరి మూల, ఎవరూ అడగని పాత సిస్టం దగ్గర కుర్చీ వేశాడు. పాప ఏడవకుండా తెర మీద చేపలు ఈదే బొమ్మ పెట్టి ఇచ్చేవాడు. రవణయ్య మంచివాడు. అతనికి ప్రపంచంలో రెండే భయాలుండేవి. ఒకటి కరెంటు పోవడం, రెండోది దేవదానం మాస్టారు రావడం. మాస్టారు ముప్పై ఏళ్ళు బడిపిల్లలకి పాఠాలు చెప్పి రిటైరై, చెప్పడానికి ఎవరూ దొరక్క రోజూ సెంటర్‌కి వచ్చి, పేపర్లన్నీ కంప్యూటర్‌లో చదివి, వాటిల్లో తప్పులు పట్టి సంపాదకులకి ఉత్తరాలు రాసేవారు. మా అత్త కూడా ఒకప్పుడు ఆయన దగ్గర చదివిందే.

ఒక రోజు రవణయ్య ఆ మూల సిస్టం తుడుస్తూ ఏదో అక్షరం నొక్కితే, ఇంతకు ముందు ఎవరో తెరిచిన అడ్రసు ఒకటి కిందికి జారింది. తెరిచి చూశాడు. నల్లటి పేజీ. దాని మీద తెల్లగా రోజుకొక్క లైను, వారం పేరుతో. వి 2, ఎన్ 0, జి 3, పి 0. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అంతే. పేరు లేదు, ఊరు లేదు. అట్టడుగున ఇంతవరకు ఎందరు చూశారో చెప్పే అంకె, మేం చూసిన రోజున అది వందకి దగ్గర్లో ఉంది. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుని, "తలుపు మూయవయ్యా రవణయ్యా," అన్నారు. తెరిచి ఉన్న తలుపు దగ్గర ఎవరూ లేరు. మూలన అత్త పాపకి చేపల బొమ్మ చూపిస్తోంది, ఆమెని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఆ అక్షరాలకి అర్థం రెండు రోజుల్లో తేల్చేశాం. వి అంటే విమానం, ఎన్ అంటే నౌక, జి అంటే గన్ను, పి అంటే ప్రయోగం. నౌక తెలుగు మాట, గన్ను ఇంగ్లీషు మాట కదా అని నేను అడిగితే, శత్రువులు తెలివైనవాళ్ళనీ, రెండు భాషలూ కలిపి వాడతారనీ మాస్టారు సెలవిచ్చారు. శ్రీహరికోట ఇక్కడికి ఎంతో దూరం లేదు, ముత్తుకూరు వైపు రేవు ఉంది, కరెంటు ఫ్యాక్టరీలున్నాయి. ఇంతమంది శత్రువులకి కావలసినవన్నీ మా చుట్టుపక్కలే ఉండటం మాకు కొంత గర్వంగా కూడా ఉండేది. బయటినుంచి వచ్చేవాళ్ళని గమనించడానికి రిజిస్టరు పెట్టాం. అది ఫైల్లో ఉంది. తమిళం మాట్లాడిన రొయ్యపిల్లల వ్యాపారి, అనుమానితుడు. నల్లకళ్ళజోడుతో పెళ్ళిపత్రిక అచ్చు తీయించుకోవడానికి వచ్చినవాడు, తీవ్ర అనుమానితుడు. ప్రతి పేజీలోనూ అడుగున నా చేతిరాతతోనే ఉంది: 'మూల సిస్టం, పోలమ్మత్త, పాప, కాపలా.' ఎదురుగా అనుమానం అనే గడిలో అడ్డగీత.

అన్నిటికంటే మమ్మల్ని భయపెట్టింది అడుగున ఉన్న ఆ అంకె. మొదట్లో అది రోజుకి రెండు చొప్పున పెరిగిందని పాత లైన్లు లెక్కపెట్టి మాస్టారే కనిపెట్టారు. ఒకడు రాస్తాడు, ఒకడు చదువుతాడు. అలాంటిది మేం చూడటం మొదలుపెట్టిన వారానికే ఆ అంకె వందలు దాటేసింది. "చూశావా అమ్మాయ్, ముఠా ఎంత వేగంగా పెరుగుతోందో!" అన్నారు మాస్టారు. నేను గ్రాఫు గీశాను, గీత నిటారుగా పైకి పోయింది. రవణయ్య అన్ని సిస్టమ్స్‌లోనూ ఒకేలా వస్తోందా అని ఆరింటిలోనూ తెరిచి చూసేవాడు. మాస్టారు గంటకోసారి తెరిచేవారు. గ్రాఫుకి అంకె కావాలి కాబట్టి నేను పావుగంటకోసారి తెరిచేదాన్ని. ఆ పెరుగుతున్న ముఠా మేం ముగ్గురమే. ఇది ఇప్పుడు ఏ చిన్నపిల్లనడిగినా చెబుతుంది. అప్పుడు ఒక రిటైర్డ్ మాస్టారికి, ఒక నెట్ సెంటర్ యజమానికి, కంప్యూటర్ కోర్సు చదివే నాకు తట్టలేదు.

పైగా రాకెట్ ఎగిరిన రోజున పేజీలో లైను రాలేదు. మాస్టారు కుర్చీలోంచి లేచారు. "దొరికింది," అన్నారు. "ప్రయోగం ఉన్న రోజు వాళ్ళు మౌనం పాటిస్తారు." రాకెట్ రోజు పడవలు కదలవు, పడవలు కదలని రోజు తాత ఇల్లు కదలడు, తాత ఇంట్లో ఉంటే అత్తా నేనూ గుమ్మం దాటలేం. ఆ రోజు నేను కూడా నెట్ సెంటర్‌కి వెళ్ళలేదన్న సంగతి ఆ కాగితం మీద ఎక్కడా రాసుకోలేదు. కొన్నాళ్ళకి పి సున్నా కాస్తా పి రెండు అయింది. రెండు ప్రయోగాలు! ఆ వారమే లైన్లు రావడం పూర్తిగా ఆగిపోయింది. శత్రువులకి మన సంగతి తెలిసిపోయిందనీ, ఏ నిమిషమైనా ఒడ్డున దిగుతారనీ మాస్టారు తేల్చారు. ఇంట్లో అదే వారం అత్త అన్నం మానేసింది. గంప ఎత్తేది కాదు, పాప ఏడ్చినా వినిపించుకునేది కాదు. అమ్మ దిష్టి అనుకుని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకి దగ్గుతూ నేను శత్రువులు ఏ వైపునుంచి దిగుతారో పటం గీసుకున్నాను.

ఒడ్డు కాచేది పాళెం వాళ్ళు కాబట్టి కాపుగారికి చెప్పి తీరాలని మాస్టారు కాగితాలన్నీ అచ్చు తీయించి మా పాళేనికి వచ్చారు. వలలు పెట్టుకునే షెడ్డులో అందరూ కూర్చున్నారు. మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు గుంజల వెనకాల. అత్త పాపని చంకనేసుకుని చివర్న నిలబడింది. పాప చేతిలో వలకి కట్టే బెండు ఒకటి ఉంది, దాన్ని కొరుకుతోంది. మాస్టారు చెప్పిందంతా విని తాత, "ఆ రాసిందేందో ఒకసారి చదవండి అయ్యోరా," అన్నాడు.

"సోమవారం. వి రెండు, ఎన్ సున్నా, జి మూడు, పి సున్నా," అని మాస్టారు మొదలుపెట్టారు. తాత కళ్ళు మూసుకుని వింటున్నాడు. మంగళవారం అయింది, బుధవారం అయింది. గురువారం వచ్చేసరికి మాస్టారు అంకె చెప్పకముందే తాత పెదవులు ఆ అంకె అనేస్తున్నాయి. నేను చూశాను, కానీ ముసలాయన కునికిపాట్లు పడుతున్నాడనుకున్నాను. చదవడం అయ్యాక తాత కళ్ళు తెరిచి, "ఈ పి అనేదేంది?" అన్నాడు.

"అదే అంతు పట్టలేదు కాపుగారూ. నిన్న మొన్నటి దాకా సున్నా. ఇప్పుడు రెండు."

తాత తలతిప్పి గుంజల వైపు చూశాడు. పాప బెండు వదిలేసి తాతని చూసి నోరంతా తెరిచి నవ్వింది. కింది చిగురు మీద రెండు బియ్యపు గింజలు. తాత చాలాసేపు అటే చూశాడు. అత్త నేల చూపులు చూస్తోంది. దురాయి మీరినట్టు తేలితే మామకి ఇంకో ఏడాది పడుతుంది, అత్తకీ పడుతుంది. ఆ తీర్పు చెప్పవలసినవాడు ఆమె తండ్రే.

"ఆ అడుగున ఉండే అంకె సంగతేంది?" అన్నాడు తాత.

"చూసినవాళ్ళ లెక్కండీ. ఎవరు తెరిచినా ఒకటి పెరుగుతుంది. మొదట రోజుకి ఇద్దరే చూసేవారు. ఇప్పుడు వందలమంది. ఆ తర్వాతే రాయడం ఆగిపోయింది."

"అంటే మీరు చూడబట్టి ఆగిపోయిందా?"

మాస్టారు తాత ముఖం చూశారు, తాత చూస్తున్న వైపు చూశారు, చేతిలో కాగితాలు సర్దుకున్నారు.

"ఇందులో ఎవురి పేరన్నా ఉండాదా?" అన్నాడు తాత. లేదన్నారు మాస్టారు. "ఎవురికన్నా రాసినట్టు ఉండాదా?" లేదన్నారు. "మరి ఎవురితోనో మాటాడినట్టు ఎట్టయితాది? సముద్రం కాడ నిలబడి మన ఆడోళ్ళు గాలికి చెప్పుకోరా, ఇదీ అంతే. ఇది దేశం సంగతి కాదు, పాళెం సంగతీ కాదు. ఇకమీద ఎవురూ ఆ పేజీ జోలికి పోబాకండి. పోతే దురాయి." ప్రపంచంలో ఒక వెబ్ పేజీకి దురాయి పడింది మా పాళెంలోనేననుకుంటాను. నాకు ఒళ్ళు మండిపోయింది. చదువు లేని పెద్దరికం దేశాన్ని ముంచుతుందని ఆ రోజు డైరీలో రాసుకున్నాను.

ఆ సాయంత్రం తాత మంచం మీద పడుకోలేదు, లేచి కూర్చున్నాడు. "వంజరాలు నాలుగు," అని ఆగాడు. "నెత్తళ్ళు ఒక బుట్ట," అని ఆగాడు. మాస్టారు డిక్టేషన్ చెప్పినట్టు ఒక్కొక్క మాటా విడిగా, గట్టిగా చెప్పాడు. గాలి రెండని వేళ్ళు చూపించాడు. ఆ తర్వాత ఎన్నడూ అననిది ఇంకోటి అన్నాడు. "పాపకి పైన ఒక పన్ను వస్తా ఉండాది. ఇనపడిందా పోలీ?" అత్త పాప తలలో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నా చేతిలో పుస్తకం జారి కిందపడింది. పంతొమ్మిదేళ్ళ నా జీవితంలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. నెలల తరబడి రోజూ చెవిలో పడిన అంకెల్నే రోజూ తెరమీద చూసి, వాటికి విమానాలూ తుపాకులూ తగిలించాను. "నాయన మాట వద్దన్నాడు, ఉత్తరం వద్దన్నాడు, ఫోను వద్దన్నాడు," అంది అత్త తర్వాత, బావి దగ్గర. "పేజీ వద్దనలా. ఆయనుండే రేవుకి పోయే చేపల లారీ వాళ్ళ చేత ఆ అడ్రసు ఒక్కటే పంపినా. నేనొకసారి చూసుకుంటా, ఆయనొకసారి చూస్తాడు. రోజుకి రెండు. వందలొచ్చేసరికి పెద్దోళ్ళు కనిపెట్టినారని గుండె ఆగిపొయ్యింది. ఆయన కూడా అట్టే అనుకోనుంటాడు. అంతా నువ్వు నేర్పిన చదువే గదమే."

మర్నాటినుంచి అత్త మళ్ళీ గంప ఎత్తింది, మళ్ళీ రాసింది. నేను పక్క సిస్టంలో కూర్చుని చేతులు ముడుచుకునేదాన్ని. చూడాలని ప్రాణం కొట్టుకునేది, చూస్తే ఒకటి పెరుగుతుంది, ఆ ఒకటి మామ అనుకుని అత్త మోసపోతుంది. రోజూ అన్నాల వేళ తాత కంచం ముందు కూర్చుని, ఎటో చూస్తూ, "ఎంత?" అనేవాడు. "ఒకటి నాయనా," అనేది అత్త. ఒకటి అంటే తను చూసుకున్నదే. తాత రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కునేవాడు. తను వేసిన దురాయి తను ఎత్తలేడు, ఎత్తితే రేపు ఎవడూ ఆయన మాట వినడు. వారం దాటింది, పది రోజులు దాటాయి. ఒక రోజు ఎప్పట్లాగే "ఎంత?" అన్నాడు. అత్త పులుసు గిన్నె పట్టుకుని నిలబడిపోయింది. "రెండు నాయనా," అంది. తాత కంచం ముందుకి జరిపాడు, అత్త చేపముక్క వేసింది, ఇంకోటి వేసింది. ఆ రోజు ఆయన ఎన్ని సార్లు అన్నం పెట్టించుకున్నాడో అమ్మ చాలా కాలం చెప్పుకుంది. ఆ తర్వాత ఎప్పుడూ రెండే. ఏడాది నిండాక మామ వచ్చాడు. దురాయి ఎత్తేస్తున్నామని తాత షెడ్డులో చెబుతుంటే, మామ పాపని ఎత్తుకుని నోరు తెరిపించి చూసి, "ఎనిమిది!" అని అరిచాడు. అత్త ముఖం అప్పుడు చూడాలి.

తాత పోయి చాలా కాలమైంది. ఇప్పుడు పాళెంలో కాపు మాటకంటే ఫోన్లో గ్రూపు మాటే చెల్లుతుంది. కొత్తమనిషి ఎవరైనా చేపలు కొనడానికి వస్తే, అతను టీ తాగి గ్లాసు దించేలోపల అతని ఫొటో అందరికీ చేరిపోతుంది, కింద 'అనుమానితుడు, అందరికీ పంపండి' అని. ముగ్గురం నెలలు కష్టపడి చేసిన తప్పు ఇప్పుడు మూడు వందలమంది మూడు నిమిషాల్లో చేస్తున్నారు, పైగా రిజిస్టరు కూడా పెట్టడం లేదు. మా అత్త ఫోన్లో పొద్దున్నే వంజరం బొమ్మ పెడుతుంది. పాళెమంతా చూస్తుంది, దుబాయ్‌లో ఉన్న మనవాళ్ళు చూస్తారు. ఎంతమంది చూశారో ఆమె ఎప్పుడూ తెరిచి చూసుకోదు.

పోయిన ఆదివారం ఆ ఫైలు తీసుకుని అత్త ఇంటికి వెళ్ళాను. అత్త వాకిట్లో కత్తిపీట ముందు కూర్చుని చేపలు తోముతోంది. మామ వసారాలో వల బాగుచేస్తున్నాడు. రిజిస్టరు చదివి వినిపిస్తే ఇద్దరూ పడీ పడీ నవ్వారు. అప్పుడే ఆ చివరి కట్ట గుర్తొచ్చి, మామ చేతి కత్తితో రబ్బరు గీరి విప్పాను. లోపల నూటికి పైగా కాగితాలు. షెడ్డులో కూటం జరిగిన తర్వాత తీసిన అచ్చులు. పైకాగితం మీద మాస్టారి ఎర్రసిరా: 'పది రోజులుగా పోలమ్మ వెనకనుంచి అంకె గమనిస్తున్నాను, ఆమె తప్ప ఎవరూ చూడటం లేదు. ఆమె ముఖం చూడలేకపోతున్నాను. చేసిన తప్పు మాదే. రేపటినుంచి రోజుకు ఒక్కసారి, నేను ఒక్కడినే. రవణయ్యకీ అమ్మాయికీ తెలియకూడదు.' ఆ తర్వాత ప్రతి కాగితం మీదా అడుగున 'ఈ రోజు చూడటమైనది' అని ఒక ఎర్ర టిక్కు, పిల్లల కాపీ పుస్తకాల్లో పెట్టినట్టు. పి నాలుగు అయిన రోజు టిక్కు పక్కన 'సంతోషం' అని ఉంది.

చదవడం ఆపి మామ వైపు చూశాను. మామ వల ముడి విప్పుతూనే ఉన్నాడు, ముడి మాత్రం రావడం లేదు.

"వందలు చూసినాక నేను మళ్ళీ తెరవలేదుమే," అన్నాడు చివరికి, చాలా చిన్నగా. "పెద్దోళ్ళందరూ చూస్తుండారనుకున్నా. నా వల్ల దానికి గూడా దురాయి పడతాదని భయం. వచ్చినరోజు మీ అత్త అడిగింది, రోజూ చూసినావు గదా అని. ఆ మొహం చూసినాక లేదని ఎట్ట చెప్పేది? పాప పళ్ళు అక్కడికక్కడ లెక్కబెట్టి చెప్పినా."

అత్త చేతిలో చేప ఆగిపోయింది. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా వీళ్ళ మధ్యకి పోలీసు పని పెట్టుకుని వచ్చింది నేనేనని ఫైలు మూసేశాను.

"అయితే ఆరు నెలలు పాప పళ్ళ లెక్క నేను చెప్పుకునింది అయ్యోరికా?" అంది అత్త. ఒక్క క్షణం ఆగి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ పొలుసు అంటిన మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత మామ వైపు తిరిగి, "నీకు ఈ పూటనించి దురాయి. మాటా లేదు, పులుసూ లేదు," అంది. మామ తల ఎత్తకుండా, "ఎన్నాళ్ళు?" అన్నాడు. అత్త జవాబు చెప్పలేదు, దురాయి అప్పుడే మొదలైపోయింది.

నేను బయల్దేరుతుంటే అత్త గంపలోంచి వంజరాలు ఏరింది. పెద్దవి రెండు. కడిగి, సంచిలో పెట్టి నా చేతికిచ్చింది. "అయ్యోరి కూతురికి ఇచ్చిపోమే," అంది. గేటు దాకా వచ్చి నిలబడి, మళ్ళీ పిలిచింది.

"పోతా పోతా ఆయన సమాధి కాడ ఒక్క నిమిషం ఆగు. పాపకి పళ్ళన్నీ వచ్చేసినాయని చెప్పు."